ఫిరంగుల ఓడకు అట్టపెట్టె

ఆ రోజుల్లో చుట్టాలింట్లో ఉండి ఉద్యోగం చేసే ఆడపిల్లకు కొన్ని నియమాలుండేవి. ఎవరి కూరకూ వంక పెట్టకూడదు, టీవీ రిమోటు అడగకూడదు, మొగుడూ పెళ్లాలు వాదించుకుంటుంటే ఫోన్‌లోకి తల దూర్చి చెవిటిదానిలా కూర్చోవాలి. (ఆ రోజులంటే మరీ పాతకాలం అనుకునేరు. ఉప్పల్‌కు అప్పటికే మెట్రో వచ్చేసింది. నా మొదటి ఉద్యోగం రోజులు గనక నాకలా అనిపిస్తుంది, అంతే.) ఈ నియమాల్లో మొదటి రెండింటినీ నేను నిష్ఠగా పాటించాను. మూడోదాని దగ్గరే కాలు జారింది. చెవిటిదానిలా కూర్చోకపోగా, ఇద్దరి మాటా విని, ఇద్దరికీ మాటిచ్చి, ఇద్దరి తరఫునా పని మొదలుపెట్టాను. దానికంతటికీ కారణం ఒక ఓడ.

మాది జనగామ దిక్కు. నాచారంలో అట్టపెట్టెలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో ట్రైనీగా చేరి, ఉప్పల్‌లో మా పెద్దమ్మ ఇంట్లో దిగాను. వాళ్లమ్మాయి పెళ్లై ఘట్‌కేసర్ వెళ్లిపోవడంతో హాల్లో మంచమూ, గోడ అల్మారాలో ఒక అరా నాకు దక్కాయి. పెద్దబాపు (పెద్దమ్మ భర్తను నేనలాగే పిలుస్తాను) నాచారంలోనే ఒక ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేసి రిటైరయ్యాడు. గట్టిగా మాట్లాడటం ఆయనకు రాదు. లేత్ మోత పక్కన బతికినన్నాళ్లూ ఎలాగూ ఎవరికీ వినపడదని మానేశాడేమో. పెద్దమ్మ గొంతు మాత్రం ఆ మోత మీదుగా కూడా ఆయనకు చేరేలా తయారైంది.

ఇక ఓడ. హాల్లో కిటికీ పక్కన, ఆ ఇంట్లో ఎండ చక్కగా పడే ఒకే ఒక్క మూలలో, టేబుల్ మీద ఉండేది. మూడు స్తంభాలు, మీగడ రంగు తెరచాపలు, తలవెంట్రుకల్లాంటి సన్నని తాళ్లు, రెండు పక్కలా బారులు తీరిన బుల్లి బుల్లి ఇత్తడి ఫిరంగులు. ఎప్పటిదో ఇంగ్లిషువాళ్ల నేవీలో యుద్ధాలు చేసిన తెరచాపల ఓడకు నమూనా అది. హబ్సిగూడలో ఎవరో పెద్దాఫీసరు బంగళా ఖాళీ చేసినప్పుడు పాతసామాన్ల బండి మీద, స్తంభాలు విరిగి, తాళ్లు చిక్కుపడి కనిపిస్తే పెద్దబాపు దాన్ని సైకిల్ మీద ఇంటికి తెచ్చుకున్నాడట. విరిగినవి అతికించాడు, తాళ్లు మళ్లీ కట్టాడు, ఊడిపోయిన ఫిరంగుల స్థానంలో తనే లేత్ మీద ఒక్కొక్కటీ తిప్పి చేసి పెట్టాడు. ఈ కథ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేవాడు. గ్యాస్ సిలిండర్ తెచ్చినాయన కూడా సిలిండర్ భుజం మీద ఉంచుకునే రెండో స్తంభం వరకూ విన్నాడు పాపం.

ఎండాకాలంలో నేను హాల్లో ఫ్యాన్ పెంచబోతే, “రెండు మీదికి పెట్టకు బిడ్డా, తెరచాపలకు గాలి తగుల్తది” అనేవాడు. తెరచాపలకు గాలి తగలకూడదన్న ఓడ ప్రపంచం మొత్తమ్మీద అదొక్కటే అయ్యుంటుంది. దాన్ని గాలి నుంచి కాపాడుతూ నేను మాత్రం చెమటలో ఈదుతూ ఉండేదాన్ని.

పెద్దమ్మ కష్టం వేరు. ఆవిడ చీరలకు ఫాల్స్ కుట్టడం, పికో చెయ్యడం నేర్చుకుంది. బోడుప్పల్‌లో స్నేహితురాలి దగ్గర చెయ్యి తిరిగేదాకా సాధన చేసి, ఎన్నాళ్ల నుంచో అనుకున్న పికో మిషన్ తెచ్చుకుంది. గల్లీలో సగం మంది చీరలిస్తామని చెప్పారు కూడా. కానీ ఆ మిషన్ వంటింటి దారిలో దుప్పటి కప్పుకొని కూర్చుంది. చీర అంచు కుట్టాలంటే వెలుతురు కావాలి. వెలుతురున్న మూల ఓడకుంది.

“ఏమయ్య, గా పడవ తీస్తవా లేదా?”

“పడవ గాదు. ఓడ.”

“ఏదైతేంది, నీళ్లల్లయితె లేదు గదా! నా మిషన్‌కు జర ఎల్తురు గావాలె.”

“సూద్దాం తియ్యి.”

ఆ ‘సూద్దాం’తో కొన్ని నెలలు గడిచాయి. చివరికి ఒక సాయంత్రం ఆయన నడకకు వెళ్లగానే పెద్దమ్మ నా పక్కన చేరింది. “బిడ్డా, గా ఓడ ఫొటో తీసి ఫోన్ల పెట్టు. పాత సామాన్లు కొనేటోళ్లుంటరంట గదా.” నేను సంతోషంగా ఫొటోలు తీశాను. పాతవస్తువులు అమ్మే యాప్‌లో, ‘అరుదైన, చారిత్రక, చేతిపనితో మెరుగుపరచిన యుద్ధనౌక’ అని నాకొచ్చిన భారీ మాటలన్నీ వాడాను. పెద్దమ్మ వెలుతురు మాట అటుంచితే, ఫ్యాన్ మూడులోకి వస్తుందన్న ఆశ నాది. వారం తిరక్కుండానే వైజాగ్ నుంచి ఒకాయన రాశాడు. ఓడల నమూనాలు సేకరిస్తాడట. బాగా ప్యాక్ చేసి పంపితే తీసుకుంటానన్నాడు.

పెద్దబాపు విని కాదనలేదు. ఔననలేదు. కాసేపు ఓడకేసి చూసి, “పంపుడు సరే. తొవ్వల ఇరిగితె?” అన్నాడు. అప్పుడు ఇద్దరూ నావైపు తిరిగారు. నేను అట్టపెట్టెల కంపెనీలో పనిచేస్తున్నాను కదా. (అక్కడ నా పని పెట్టెల మీద లేబుళ్లు అతికించడమని వాళ్లకు నేను చెప్పలేదు. చెప్పమని ఎవరూ అడగలేదు కూడా.)

“పిల్ల జేస్తది పెట్టె. ఇంకేం ఫికర్?” అంది పెద్దమ్మ.

“జెయ్యని. కానీ ముందుగాల దాంట్ల గుడ్లు పెట్టి పైకెళ్లి ఎత్తెయ్యాలె. గుడ్లు పగలకుంటెనే ఓడ బెడ్త,” అన్నాడు పెద్దబాపు. ఓడ కథ చెప్పేటప్పుడు తప్ప ఆయన అంత పొడుగు వాక్యం మాట్లాడటం నేనదే మొదటిసారి వినడం.

మొదటి పరీక్ష ఆదివారం పొద్దున. కంపెనీలో మిగిలిన అట్టతో పెట్టె చేసి, థర్మకోల్ ముక్కలు అమర్చి, నడుమ గుడ్లు పేర్చి, టేపు వేశాను. మేముండేది మొదటి అంతస్తు. మెట్ల మీది నుంచి కింది వాకిట్లోకి వదిలాను. దబ్బుమని పడింది. విప్పి చూస్తే ఒక్క గుడ్డుకూ గీత పడలేదు! నేను అక్కడే గెంతాను. కింది పోర్షన్ ఆంటీ చప్పట్లు కొట్టింది. పెద్దమ్మ ఆ గుడ్లన్నీ కొంగులో వేసుకొని, బంగారం మోసుకెళ్తున్నట్టు పైకి మోసుకెళ్లింది. పెద్దబాపు మాత్రం ఖాళీ పెట్టెలోకి వంగి, పగిలిన గుడ్డు ఏదైనా మూలకు నక్కి ఉందేమోనని వెతుకుతున్నట్టు చాలాసేపు చూశాడు.

సాయంత్రం “నడువు బిడ్డా, పాల పాకెట్ తెద్దాం” అని నన్ను బయటికి తీసుకెళ్లాడు. పాల దుకాణం దాటాం, దాని తర్వాతి దుకాణమూ దాటాం. రింగురోడ్డు దగ్గర మిర్చి బజ్జీల బండి ముందు ఆగాడు. వేడి వేడి మిర్చి కాగితంలో పెట్టించి నా చేతికిచ్చి, నేను కొరికేదాకా ఆగి, అప్పుడడిగాడు.

“నువ్వు ఎవల దిక్కు?”

నోట్లో మిర్చి ఉన్న మనిషిని అలాంటి ప్రశ్న అడగటం అన్యాయం. “ఏంది పెద్దబాపూ?”

“అదే. పెద్దమ్మ దిక్కా, నా దిక్కా?”

“నీ దిక్కే,” అన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, కారం వల్ల. ఆయన వాటిని ఇంకోలా అర్థం చేసుకొని నా తల నిమిరాడు.

“ఆమెకు మిషన్ గావాలె, అది నాకెర్కే. కానీ గా ఓడ లేకుంటె...” అని ఆగిపోయాడు. ఇంకో మిర్చి ఇప్పించాడు.

ఇంటికి రాగానే పెద్దమ్మ నా పళ్లెంలో మరో గరిటె నెయ్యి పోసి, “మంచిగ జేసినవ్ పెట్టె. ఇగ జల్ది పంపియ్యాలె” అంది. “పంపిద్దాం పెద్దమ్మా” అన్నాను. రెండు మాటలూ నిజమేనని ఆ పూట నాకు పూర్తి నమ్మకం. కడుపు నిండుగా ఉన్నప్పుడు ఇద్దరి పక్షానా ఒకేసారి ఉండటం అంత కష్టమేమీ కాదు.

తర్వాతి వారం పెద్దబాపు కొత్త వాదన తీశాడు. గుడ్లు గట్టివట, తెరచాపలు పలచనట, కాబట్టి అప్పడాలతో పరీక్ష పెట్టాలట. పెద్దమ్మ డబ్బాలోంచి అప్పడాలు తీసిచ్చింది. నేను పెట్టె సర్దుతూ, ఎవరూ చూడనప్పుడు అడుగున ఉన్న థర్మకోల్ ముక్కలు తీసి చున్నీలో చుట్టి, వెళ్లి బాత్రూం బకెట్ వెనక దాచి వచ్చాను. పెట్టె కిందపడింది. అప్పడాలు పిండిపిండి అయ్యాయి. “సూసినవా?” అన్నాడు పెద్దబాపు, ఎంతో బాధపడ్డ ముఖంతో. ఆ బాధ ఆయన మీసం కింద సరిగ్గా ఇమడలేదు, ఒక పక్క నుంచి నవ్వు బయటపడింది.

ఆ పై వారం మళ్లీ గుడ్లు. ఈసారి అడుగున టేపు వదులుగా వేశాను. నా లెక్క ప్రకారం పెట్టె నేలకు తగిలాక విచ్చుకోవాలి. అది గాల్లోనే విచ్చుకుంది. పెట్టె ఒకవైపు, గుడ్లు ఒకవైపు వెళ్లాయి. గుడ్లు వెళ్లినవైపు కింది పోర్షన్ ఆంటీ స్కూటీ ఉంది.

“ఏందమ్మా, పైకెళ్లి గుడ్లెందుకు కొడ్తున్రు?” అని ఆంటీ బయటికొచ్చింది.

“టెస్టింగ్ ఆంటీ!” అన్నాను.

“నా బండి మీదనా?”

ఆ స్కూటీ నేనే కడిగాను. పెద్దబాపు మగ్గుతో నీళ్లందించాడు. నేరంలో భాగస్వాములం కదా, శిక్షలోనూ భాగమే. ఆ వారాలన్నీ మా ఇంట్లో వరసగా ఆమ్లెట్లు, అప్పడాల పొడి వేసిన అన్నమే.

అక్కడితో నేను ఊరుకుంటే సరిపోయేది. కానీ కంపెనీలో మధ్యాహ్నం బువ్వ తినేటప్పుడు, మా పెట్టెలు గుడ్లను కాపాడలేకపోతున్నాయని మా సూపర్‌వైజర్‌తో జోకుగా అన్నాను. ఆయన్ని మేం టేపు సారు అనేవాళ్లం. కొలిచే టేపు మెడలో పూలదండలా ఎప్పుడూ ఉండేది. ఆయన ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

“మన డబ్బా? మన డబ్బాల గుడ్లు పగిల్నయా? ఎన్ని ప్లై వాడినవ్?”

“మూడు సార్.”

“ఓడకు మూడు ప్లై ఏంది! ఇజ్జత్ దీసినవ్ గదమ్మా!”

నేను వద్దన్నకొద్దీ ఆయన పట్టుదల పెరిగింది. ఏడు పొరల అట్ట తెప్పించాడు. లోపల ఓడ అడుగు భాగం సరిగ్గా కూర్చునేలా ఫోమ్ కోశాడు. ఆదివారం తనే ట్రాలీ ఆటో మాట్లాడుకొని ఉప్పల్ వచ్చేశాడు. గుడ్లు పెట్టి మెట్ల మీది నుంచి వదిలాడు. పగల్లేదు. డాబా మీది నుంచి వదిలాడు. పగల్లేదు. చివరికి చెప్పులు విప్పి పెట్టె మీదెక్కి నిలబడి, గల్లీ అంతటికీ వినపడేలా, “సూడున్రి! నాచారం డబ్బా!” అని అరిచాడు. జనం పోగయ్యారు. పెద్దమ్మ ఆయనకు టీ, మురుకులు ఇచ్చి పంపింది. పెద్దబాపు మంచి పెట్టె అని మెచ్చుకొని లోపలికెళ్లి, ఓడ మీద దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు. అది పొద్దున్నే తుడిచిన ఓడ. మళ్లీ అదే తాడును, అదే తెరచాపను, కుంచె కొసతో మెల్లగా తుడుస్తూనే ఉన్నాడు. నాకు నవ్వు రాలేదు.

అప్పుడు నా తెలివి చివరిసారిగా పనిచేసింది. వైజాగ్ ఆయనకు మెసేజ్ పెట్టాను. ‘ఓడ చాలా సున్నితం. కొరియర్‌లో నమ్మకం లేదు. మీరే స్వయంగా వచ్చి చూసి తీసుకెళ్తే తప్ప ఇవ్వలేం.’ ఒక బొమ్మ ఓడ కోసం అంత దూరం నుంచి ఎవరొస్తారు, ఇక మానుకుంటాడని నా అంచనా. ఆయన వెంటనే జవాబిచ్చాడు. ‘తప్పకుండా అండి. శనివారం వస్తున్నాను.’

వచ్చాడు కూడా. తెల్లచొక్కా, చేతిలో భూతద్దం, ఇంకో చేతిలో మాకోసం మాడుగుల హల్వా. కోపగించుకోవడానికి ఏ అవకాశమూ ఇవ్వని మర్యాదస్తుడు. ఓడ ముందు మోకాళ్ల మీద కూర్చొని ప్రతి తాడూ చూశాడు. “అబ్బ, ఎంత ఓపికండీ మీకు! ముడులు ఎంత చక్కగా వేశారండీ!” అంటుంటే పెద్దబాపు ముఖం వెలుగుతూ ఆరుతూ ఉంది. పొగిడే మనిషే పట్టుకుపోతాడాయె.

తర్వాత ఆయన భూతద్దం ఫిరంగుల దగ్గర ఆగింది.

“ఇవి అసలువి కావు కదండీ?”

“అయి నేనే జేసిన సార్. లేత్ మీద.”

“అదే అనుకున్నానండి. పనితనం బావుంది కానీ ఓడ కాలానికి సరిపోవు. ఏం పర్లేదు లెండి. వీటిని పీకేసి, సరైన సెట్టు తెప్పించుకుంటాను.”

ఆయన ఏ చెడ్డ ఉద్దేశంతోనూ అనలేదు. పెద్దబాపు “సరే సార్” అన్నాడు. ఆ రెండు ముక్కలూ నాకే సరిగ్గా వినపడలేదు. టీ కప్పుల పళ్లెంతో వంటింట్లోంచి వస్తున్న పెద్దమ్మకు మాత్రం వినపడ్డాయి. పళ్లెం టేబుల్ మీద పెట్టింది. కప్పులు గలగలమన్నాయి.

“పీకేస్తవా? ఏంది పీకేసేది?”

“అంటే అమ్మా, ఈ ఫిరంగులు...”

“గిది జూడు.” పెద్దమ్మ వేలు పెట్టి చూపించింది. ఆ ఓడను ఆవిడ ముట్టుకోవడం నేనప్పటిదాకా చూడలేదు. “గిది జేసిన్నాడు బొటనేలు కోసుకున్నడు ఈయన. దవాఖానల కుట్లేస్తుంటె ఇంకో చేతిల గిదాన్ని పట్టుకొనే కూసున్నడు, ఇడువకుంట. గిదేమో మా పిల్లకు పెద్ద జరం తగ్గినంక జేసిండు. గీ వంకర దాన్ని జూసినవా? ఆ పొద్దు నాతోని కొట్లాడి, బువ్వ తినకుంట డ్యూటీకి పోయిండు. అందుకే గట్ల వచ్చింది. గివన్ని పీకేస్తె ఇంకేముంటది దీంట్ల? కట్టె ఉంటది.”

పెద్దబాపు పెళ్లాన్ని కాక ఆవిడ వేలును చూస్తున్నాడు. ఆ వంకర ఫిరంగి సంగతి తనొక్కడికే తెలుసని అన్నేళ్లూ అనుకున్నాడేమో మరి.

“ఇయ్యం సార్. ఏమనుకోకున్రి. ఛాయ్ తాగున్రి,” అంది పెద్దమ్మ.

వైజాగ్ సారు భూతద్దం జేబులో పెట్టుకున్నాడు. టీ తాగాడు. బావుందని ఇంకో కప్పు అడిగాడు. కోపం లేదు కానీ, అంత దూరం వచ్చి ఉత్తచేతులతో వెళ్లడం ఆయనకూ కష్టంగానే ఉన్నట్టుంది. మూలనున్న టేపు సారు పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు. “పోనీ, ఈ పెట్టె అయినా ఇస్తారాండీ? ఇంత గట్టి పెట్టె నేనెక్కడా చూడలేదు. నా ఓడలకు పనికొస్తుంది.”

“పెట్టె గూడ ఇయ్యం. మా పిల్ల జేసింది,” అంది పెద్దమ్మ.

ఆ పెట్టె నేను చెయ్యలేదు. మొదటిది తప్ప నేను చేసినవన్నీ పరీక్షలో ఓడిపోయాయి. నిజం చెప్పడానికి నోరు తెరిచాను, కానీ పెద్దమ్మ నావైపు చూసిన చూపుకు మూసుకున్నాను. హల్వా ముక్క ఒకటి నోట్లో పెట్టుకున్నాను.

ఆయన వెళ్లాక పెద్దబాపు కాసేపు హాల్లో అటూ ఇటూ తిరిగాడు. తర్వాత నా దగ్గరికొచ్చి, “బిడ్డా, నీ బట్టలు జర తీస్కో” అన్నాడు. నాకర్థం కాలేదు. ఆయనే నా అర ఖాళీ చేశాడు. రెండు చేతులతో ఓడను ఎత్తి, పసిపిల్లను పడుకోబెట్టినట్టు ఆ అరలో పెట్టాడు. సరిగ్గా సరిపోయింది. ఇద్దరం కలిసి పికో మిషన్ కిటికీ దగ్గరికి జరిపాం. పెద్దమ్మ దుప్పటి తీసి, ఏదో ఒక చీర అంచు సూది కింద పెట్టి తొక్కడం మొదలుపెట్టింది. అలా ఓడకు ఇల్లు దొరికింది, మిషన్‌కు వెలుతురు దొరికింది. నా బట్టలకే దిక్కులేకుండా పోయింది. అవి టేపు సారు పెట్టెలోకి వెళ్లాయి. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ నేను ‘పగిలే వస్తువు, జాగ్రత్త’ అని పెద్ద పెద్ద అక్షరాలున్న పెట్టెలోంచి చుడీదార్లు తీసుకొని ఆఫీసుకెళ్లాను.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం పెద్దమ్మ మిషన్ మీంచి తలెత్తకుండానే అంది. “అప్పడాలప్పుడు నువ్వు దాసిన థర్మకోల్ ముక్కలు, బకెట్ ఎన్కకెళ్లి ఆ పొద్దే తీసిన.”

“మరి అడగలేదేం పెద్దమ్మా?”

“అడిగితె బంద్ జేస్తుంటివి.” దారం తెంపింది. “నువ్వు మిర్చి తిన్న ముచ్చట గూడ ఆ దినమే జెప్పిండు మీ పెద్దబాపు. ఆయనకు కడుపుల మాట ఆగదు. నాకెందుకు తేలేదని కొట్లాడిన.”

ఇప్పుడు నాకు సొంత ఇల్లుంది. మెత్తగా జారే తలుపుల బీరువా ఉంది, ఫ్యాన్ ఎంత మీద పెట్టుకున్నా అడిగేవాళ్లు లేరు. పని మీద ఉప్పల్ చౌరస్తా దాటేటప్పుడు ఒక్కోసారి, ఫ్లైఓవర్ స్తంభాల మధ్య ఇరుక్కున్న షేర్ ఆటోలో ఆ పిల్ల కనిపించినట్టుంటుంది. ఒళ్లో మడిచిన అట్టముక్కలు, పక్కవాళ్ల మోచేతులకు అడ్డం తగులుతుంటాయి. రెండు మనసుల మధ్య రాయబారం నడుపుతున్నానని, ఆ సంగతి ఈ లోకంలో ఎవరికీ తెలియదని, కిటికీ లేని ఆ ఆటోలో ఒక్కతే మురిసిపోతూ ఉంటుంది. ఆపి నిజం చెప్పేద్దామా అనిపిస్తుంది. మళ్లీ ఎందుకులే అనుకుంటాను. సిగ్నల్ పడగానే ఆ ఆటోను ముందు పోనిస్తాను.